వేరియన్స్ కోసం వెళ్లేవాళ్లు చెవిన పెట్టకూడని సలహాలు

“ముందు కట్టేయ్ అన్నా. తర్వాత చూసుకుందాం. మహా అయితే ఫైన్ వేస్తారు.”

వర్జీనియాలో ఇల్లు కొనుక్కున్న మన వాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. వెనక గది పెంచాలన్నా, డెక్ మీద కప్పు వేయాలన్నా కౌంటీ నియమం అడ్డొస్తుందని తెలియగానే, నలుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. అన్నవాళ్లకి మన మీద ప్రేమే. పైగా మనం పెరిగిన ఊళ్లలో అది ఫలించిన సలహా. 2007 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ వచ్చింది. ప్లాను దాటి కట్టిన ఇళ్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించారు. రాష్ట్రం విడిపోయాక 2015లో అటు ఆంధ్రలోనూ ఇటు తెలంగాణలోనూ మళ్లీ అలాంటి స్కీములే వచ్చాయి. అవన్నీ చూస్తూ పెరిగినవాడికి సెట్‌బ్యాక్ (సరిహద్దు గీత నుంచి ఇంటి దాకా వదలాల్సిన ఖాళీ) అంటే ఎప్పుడో ఒకప్పుడు డబ్బుతో తేలిపోయే లెక్క అని మనసులో ముద్ర పడిపోతుంది.

ఇక్కడ అలా తేలదు. నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను. మా ఇంటి వెనక కింది అంతస్తులో ఒక గది కట్టుకోవడానికి వేరియన్స్, అంటే ఆ నియమం నుంచి సడలింపు, అడిగాను. ఆ దారిలో నాకు వచ్చిన సలహాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్ని నేను నమ్మి నష్టపోయాను. అలాంటి గదే కట్టుకోవాలని ఇప్పుడు ఇంకెవరో వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లెక్కలు వేసుకుంటూ ఉంటారు. వాళ్ల కోసమే ఇది.

ముందు కట్టేయడం సంగతే తీసుకోండి. పర్మిట్ లేకుండా పునాది తవ్వితే పక్కింటివాళ్ల ఫోను ఒక్కటి చాలు, పని ఆపమని నోటీసు వస్తుంది. పర్మిట్ తీసుకుని గీత దాటితే ఇన్‌స్పెక్షన్‌లో దొరుకుతుంది. అప్పుడూ దొరక్కపోతే, ఇల్లు అమ్మే రోజున కొనేవాళ్ల సర్వేలో బయటపడుతుంది. అప్పుడు వేరియన్స్‌కి పరుగెత్తితే అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న: ఈ ఇబ్బంది ఎవరు తెచ్చిపెట్టుకున్నది? వర్జీనియా చట్టం ప్రకారం, అడిగేవాడు తన చేతులారా తెచ్చుకున్న ఇబ్బందికి వేరియన్స్ లేదు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో కట్టడం పొరపాటున గీత దాటినవాళ్లకి స్పెషల్ పర్మిట్ అని వేరే దారి ఒకటి ఉంది గానీ, అక్కడ కూడా ఆ తప్పు సదుద్దేశంతో జరిగిందనో, యజమాని ప్రమేయం లేకుండా జరిగిందనో చూపించాలి. తెలిసి కట్టినవాడు ఆ మాట ఎలా అంటాడు? చివరికి కూల్చే ఖర్చు కూడా తనదే.

“వెళ్లి నీ కష్టం చెప్పుకో. వాళ్లూ మనుషులే.”

నన్ను ముంచింది ఈ సలహానే. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

వేరియన్స్ దరఖాస్తులో ‘హార్డ్‌షిప్’ అన్న మాట కనిపిస్తుంది. మనం దాన్ని ‘కష్టం’ అని చదువుకుంటాం. కష్టం అనగానే మన కష్టమే గుర్తొస్తుంది: అమ్మకి మోకాళ్ల నొప్పులు, పడగ్గదులన్నీ పైనే, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఇల్లు చాలడంలేదు. నేనూ అలాగే చదువుకున్నాను. మా అమ్మ ఏడాదిలో ఆరు నెలలు మా దగ్గరుంటుంది. మెట్లెక్కేటప్పుడు ఆవిడ రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఆగుతుంది. నా దరఖాస్తులో దాని గురించే రెండు పేజీలు రాశాను. వెనక సెట్‌బ్యాక్ 25 అడుగులు. నాకు గది 19 అడుగుల దాకా రావాలి. అంటే 6 అడుగులు వదలమని అడిగాను.

హియరింగ్‌లో నాకిచ్చిన సమయమంతా అమ్మ గురించే మాట్లాడాను. అందరూ ఓపిగ్గా విన్నారు. వేరియన్స్ ఇచ్చే బోర్డు అధ్యక్షురాలు చాలా మర్యాదగా ఒకే ప్రశ్న వేశారు: “రేపు మీరీ ఇల్లు అమ్మేశారనుకోండి. తల్లిదండ్రులు లేని జంట ఒకటి కొనుక్కుంది. అప్పుడు ఈ నేల మీద మిగిలే ఇబ్బంది ఏమిటి?”

నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. న్యూయార్క్ నగరం 1916లో ఊరంతటికీ జోనింగ్ నియమాలు, అంటే ఏ స్థలంలో ఏం, ఎంత కట్టొచ్చో చెప్పే నియమాలు, పెట్టింది. 1920ల్లో హెర్బర్ట్ హూవర్ వాణిజ్య శాఖ మంత్రిగా ఉండగా ఆ శాఖ రాష్ట్రాలకి ఒక నమూనా చట్టం రాసిచ్చింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ చెల్లుతుందని చెప్పింది. ఆ నమూనా రాసినవాళ్లకి ముందే తెలుసు, నియమం గీతలు తిన్నగా గీస్తుంది గానీ నేల తిన్నగా ఉండదని. ఒకరి స్థలం త్రిభుజంలా ఉంటుంది, ఇంకొకరి స్థలంలో సగం బండ, మరొకరి స్థలం మధ్యలో వాగు. అలాంటి నేల మీద నియమాన్ని అక్షరాలా అమలు చేస్తే యజమానికి మిగతావాళ్లకి లేని నష్టం జరుగుతుంది. దాన్ని సరిచేయడానికే ఒక బోర్డు పెట్టారు. ఆ బోర్డు ఇచ్చే సడలింపే వేరియన్స్. ఇచ్చాక అది నేలతోనే ఉంటుంది, మనిషితో పోదు. మనం ఇల్లు అమ్మినా ఆ సడలింపు కొన్నవాళ్లదవుతుంది. అందుకే వాళ్లు మనిషిని పక్కన పెట్టి నేలను చూస్తారు.

దీనికి వర్జీనియాలో ఒక మినహాయింపు ఉంది. దాన్ని కూడా సరిగ్గా తెలుసుకోవాలి. వైకల్యం ఉన్న మనిషికి ఇంట్లోకి రావడానికి, తిరగడానికి కావలసిన మార్పు కోసం వేరియన్స్ అడగొచ్చని 2018లో చట్టంలో చేర్చారు. అక్కడ మనిషి అవసరమే ఆధారం. కానీ అలా ఇచ్చిన సడలింపు, ఆ మనిషికి దాని అవసరం తీరిన రోజున ముగిసిపోయేలా షరతు పెట్టొచ్చు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ కోసం కట్టిన గది, అమ్మ ఉన్నన్నాళ్లే. ఒక మిత్రుడు, “అమ్మని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసి పెట్టు బావా” అన్నాడు. అమ్మ నడుస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, అంతే. నడిచే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ప్రమాణం చేసే పని నేను చేయను, మీరూ చేయకండి. నిజంగా వైకల్యం ఉంటే మాత్రం సిగ్గుపడకుండా డాక్టరు కాగితంతో ఆ దారినే వెళ్లండి. ఆ నిబంధన పెట్టింది వాళ్ల కోసమే.

“ఓటింగ్ దాకా రానీ, ఏదైతే అదవుతుంది.”

ఇది కూడా తప్పే. చాలా చోట్ల ఒకసారి కాదన్నాక అదే కోరికతో ఏడాది దాకా మళ్లీ రానివ్వరు. గాలి ఎటు వీస్తోందో అర్థమైతే ఓటు పడకముందే వాయిదా అడగాలి, కుదరకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. ఇంకో సంగతి. వర్జీనియాలో అనుకూలంగా తేలాలంటే వచ్చినవాళ్లలో మెజారిటీ చాలదు, బోర్డు మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. ఐదుగురు బోర్డులో ఆ రోజు ముగ్గురే వచ్చారంటే ముగ్గురూ ఔననాలి. కూర్చోగానే తలలు లెక్కపెట్టుకోండి. నా మొదటి హియరింగ్ రోజు వెనక వరసలో కూర్చున్న ఒక కాంట్రాక్టరు, పరిచయం లేకపోయినా, ముందుకు వంగి “వాయిదా అడగండి” అని నా చెవిలో చెప్పాడు. అడిగాను, ఇచ్చారు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

ఇంటికొచ్చి ప్లాట్ తీశాను. మనకి ప్లాట్ అంటే స్థలం. ఇక్కడ ప్లాట్ అంటే సర్వేయరు ఆ స్థలాన్ని కొలిచి, గీసి, ముద్ర వేసి ఇచ్చిన పటం. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. నా దగ్గరున్నది ఇల్లు కొన్నప్పుడు ఫైల్లో పెట్టిన పాత కాపీ. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, మూలలకి నాలుగు గ్లాసులు పెట్టి చూశాను. మా స్థలం వెనక ఎడమ పక్కన రెండు చుక్కల గీతలు ఏటవాలుగా పోతున్నాయి. మధ్యలో సన్నటి అక్షరాలతో ‘స్టార్మ్ డ్రెయినేజ్ ఈజ్‌మెంట్’ అని ఉంది. అక్కడ పల్లం ఉందని నాకు తెలుసు. వానొస్తే పిల్లలు కాగితం పడవలు వదిలేది అక్కడే. అది పాత వాగుదారి అని, కింద పైపు ఉందని, దాని మీద ఎవరూ ఏమీ కట్టకూడదని మాత్రం తెలియదు. వీధి చివర మలుపులో ఉన్నందువల్ల మా స్థలం విసనకర్రలా ఉంటుంది. ఎడమ పక్క ఈజ్‌మెంట్ తినేసింది, కుడి పక్క ఏటవాలు గీత తినేసింది. గది పెట్టుకోవడానికి మిగిలినది మధ్యలో ఒక్క ముక్క. దాన్ని 25 అడుగుల గీత కోసేస్తోంది. తల్లిదండ్రులు లేని జంట కొన్నా ఈ ఇబ్బంది ఉంటుంది. బోర్డు అధ్యక్షురాలు అడిగిన ప్రశ్నకి జవాబు ఆరేళ్లుగా నా ఫైల్లోనే ఉంది.

కాబట్టి “మొదట మంచి లాయర్ని పట్టు” అన్న సలహా కూడా నేను ఒప్పుకోను. మొదట సర్వేయరు. లాయరు వాదించాలన్నా ఆ పటం మీదే వాదించాలి.

“పక్కవీధిలో ఆయన కట్టలేదా? ఆ ఫొటోలు పెట్టు.”

నేను పెట్టాను. ఏడు ఇళ్ల ఫొటోలు తీసి, అడ్రసులతో సహా. అవి నాకు ఎదురుతిరిగాయి. ఆ ఇళ్లలో కొన్ని ఇప్పటి నియమం రాకముందే కట్టినవి. అవి పాత హక్కుతో నిలబడ్డాయి. ఇంకో విషయం వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ చట్టంలో స్పష్టంగా ఉంది: ఆ ఇబ్బంది అందరికీ ఉండే మామూలు ఇబ్బంది అయితే వేరియన్స్ ఇవ్వకూడదు. పదిమందికీ అదే బాధ ఉంటే నియమాన్నే మార్చాలి. ఆ పని చేయాల్సింది ఎన్నికైన కౌంటీ బోర్డు, వేరియన్స్ ఇచ్చే అప్పీళ్ల బోర్డు కాదు. అంటే ‘అందరి పరిస్థితీ ఇదే’ అని నేను ఎంత గట్టిగా చూపిస్తే నా కేసు అంత బలహీనపడింది. ‘నా స్థలం ఒక్కటే ఇలా ఉంది’ అని చూపించాలి.

పాత అనుమతులు చూపించేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2004లో ఫెయిర్‌ఫాక్స్ బోర్డుకి సంబంధించిన కాక్రన్ కేసులో వర్జీనియా సుప్రీంకోర్టు చాలా కఠినమైన గీత గీసింది. నియమం వల్ల ఆ స్థలాన్ని మొత్తంగా చూస్తే సహేతుకంగా దేనికీ వాడుకోలేని పరిస్థితి వస్తేనే వేరియన్స్ అంది. ఇల్లంటూ ఒకటి ఉండి అందులో మనుషులు ఉంటుంటే ఇక గెలవడం ఎలా? ఏళ్ల తరబడి ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. 2015లో శాసనసభ చట్టం మార్చి దాన్ని కొంత తెరిచింది. నియమం ఆ స్థలం వాడకాన్ని అసమంజసంగా అడ్డుకుంటోందనో, నియమం వచ్చేనాటికే ఉన్న భౌతిక స్థితి వల్ల ఇబ్బంది కలుగుతోందనో రుజువు చేస్తే చాలు. దాంతోపాటు పక్కవాళ్లకి పెద్ద నష్టం ఉండకూడదు లాంటి మిగతా షరతులన్నీ నెరవేరాలి. అందుకని ‘మా బావమరిదికి వచ్చింది’ అన్నవాళ్లని ఏ సంవత్సరంలో వచ్చిందో అడగండి. ఏ రాష్ట్రంలో అని కూడా అడగండి. న్యూయార్క్‌లో ఇలాంటి సెట్‌బ్యాక్ సడలింపుకి యజమాని లాభాన్ని, ఇరుగుపొరుగుకి జరిగే నష్టాన్ని ఐదు అంశాలతో తూచి చూస్తారు. స్వయంగా తెచ్చుకున్న ఇబ్బంది అయినా అక్కడ ఆ ఒక్క కారణంతో తలుపు మూయరు. న్యూజెర్సీ, టెక్సాస్ ఎవరి చట్టం వారిది. డల్లాస్ మిత్రుడి అనుభవం డల్లాస్‌లోనే పనికొస్తుంది.

“పక్కవాళ్లకి చెప్పకు. తెలిస్తే అడ్డం పడతారు.”

వాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. హియరింగ్‌కి ముందు సరిహద్దు ఇళ్లవాళ్లకి రాతపూర్వకంగా నోటీసు పంపాలని, పత్రికలో ప్రకటన వేయాలని చట్టం. మొదటిసారి నేను ఎవరికీ చెప్పలేదు. మా వెనకింటి పెద్దావిడ వ్యతిరేకిస్తూ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది, మేం భారతీయులం కాబట్టి రాసిందేమో అన్న అనుమానమూ వచ్చింది. వాయిదా పడ్డాక ఒక ఆదివారం పటం చుట్టి చంకలో పెట్టుకుని, మా ఆవిడ చేసిన అరటికాయ బజ్జీలు డబ్బాలో పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ నన్ను నేరుగా బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లింది. గోడ మీద మోకాలెత్తున నీటి మరక. మా స్థలం ఎత్తు, వాళ్లది పల్లం. నా గది కప్పు నీళ్లు ఎక్కడికి పోతాయన్నదే ఆవిడ భయం. నా గది ఎంత పెద్దదో ఆవిడకి పట్టలేదు, ఎవరు ఉంటారో అసలే పట్టలేదు. ఆవిడని అనుమానించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. కప్పు నీళ్ల గొట్టాన్ని ఎడమ పక్క డ్రెయిన్‌లోకి తిప్పుతానని పటం మీదే గీసి చూపించాను. రెండో హియరింగ్‌కి ఆవిడ ఇంకో ఉత్తరం రాసింది. అది అభ్యంతరం లేదన్న ఉత్తరం. బోర్డు ఆ గొట్టాన్ని అనుమతిలో షరతుగా పెట్టింది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

“ఎక్కువ అడుగు, బేరంలో తగ్గిస్తారు.”

సంతలో చెల్లే మాట. ఇక్కడ అవసరానికి మించి అడిగితే అవసరమే లేదని అర్థం చేసుకుంటారు. న్యూయార్క్ చట్టమైతే సరిపడే కనీస సడలింపు మాత్రమే ఇవ్వాలని బోర్డుకి రాసి మరీ చెప్పింది. నేను 6 అడుగులు అడగడానికి కారణం, గదిలో మంచం పక్కన బీరువా పట్టాలని. వాయిదాలో కూర్చుని మళ్లీ గీశాను. బాత్‌రూమ్‌ని పాత లాండ్రీ గదిలోకి జరిపాను, బీరువాని గోడలోకి నెట్టాను. 3 అడుగులు చాలని తేలింది. ఆ పని మొదటిరోజే చేయాల్సింది.

“బోర్డు మెంబరు మా ఆఫీసులో ఒకాయనకి తెలుసు. ఒక మాట వేయిద్దాం.”

దయచేసి వద్దు. వర్జీనియాలో ఈ బోర్డు సభ్యుల్ని నియమించేది సర్క్యూట్ కోర్టు. వాళ్లు చేసేది న్యాయమూర్తి లాంటి పని. కేసులోని వాస్తవాలు గానీ చట్టం గానీ హియరింగ్‌కి ముందు సభ్యులతో విడిగా చర్చించకూడదని 2015 నుంచి చట్టంలోనే ఉంది. ఈ నియమం మనకొక్కరికే కాదు, కౌంటీ సిబ్బందికీ ఉంది. అది మన రక్షణకే. సిబ్బంది మన గురించి చాటుగా వాళ్ల చెవిలో చెప్పకుండా ఆపుతున్నది కూడా అదే. జోనింగ్ ఆఫీసు కౌంటర్ దగ్గర మాత్రం ఎన్నిసార్లైనా మాట్లాడొచ్చు. అక్కడి ప్లానర్ చెప్పే నాలుగు మాటలు మన వాట్సాప్ గ్రూపులోని నలభై మాటల కన్నా విలువైనవి. మన దరఖాస్తు మీద కౌంటీ సిబ్బంది రాసే స్టాఫ్ రిపోర్టు వచ్చాక ప్రతి వాక్యం చదివి, తప్పున్నచోట కాగితంతో సహా చూపించండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకుంటే కౌంటీ ఒప్పుకున్నట్టు కాదు. కౌంటీ ఒప్పుకున్నా హెచ్‌ఓఏ కాదనొచ్చు. అవి రెండు వేరు వేరు కాగితాలు. బేస్‌మెంట్‌లో కూచిపూడి క్లాసులకో, వారాంతం కేటరింగ్‌కో వేరియన్స్ అడగమనేవాళ్లున్నారు. వర్జీనియాలో వేరియన్స్ వాడకాన్ని మార్చలేదు. వాటికి వేరే పర్మిట్లున్నాయి, అవి అడగాలి. అసలు స్పెషల్ పర్మిట్‌తో తీరే పనికి వేరియన్స్ ఇవ్వనే ఇవ్వరు, కాబట్టి ముందు అది కనుక్కోండి. “కాదంటే కోర్టుకి పోదాం” అనేవాళ్లకి గుర్తుండాల్సింది, గడువు 30 రోజులు. అక్కడ బోర్డు నిర్ణయం సరైనదేనన్న భావనతో మొదలుపెడతారు. తప్పని రుజువు చేయాల్సిన బరువు మన మీదే.

రెండో హియరింగ్‌లో అమ్మ ఊసే ఎత్తలేదు. ఈజ్‌మెంట్ ఎక్కడుందో, స్థలం ఏ ఆకారంలో ఉందో, మిగిలిన ముక్క ఎంతో, 3 అడుగులు ఎందుకు చాలో చెప్పాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఐదుగురూ ఔనన్నారు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, “నా గురించి ఏం చెప్పావు నాన్నా?” అని అడిగింది. ఏమీ చెప్పలేదంటే కాసేపు నా వంక చూసి, “పోనీలే, గది వచ్చిందిగా” అంది.

పునాది తవ్విన రోజు కాంక్రీటు పోయకముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సర్వేయరు మూలన పాతిన ఇనుప గొట్టం ఆకులకింద ఉంటే కాలితో వాటిని జరిపి చూశాడు. టేపు కొక్కెం దానికి తగిలించి పట్టుకోమని నాకిచ్చి, తను గుంట అంచు దాకా నడిచాడు. 22 అడుగుల 1 అంగుళం. మళ్లీ రెండో మూల నుంచి కొలిచాడు. అక్కడా 22 దాటింది. కాగితం మీద రాసుకుని, సంతకం పెట్టి, టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. వెనక కంచె అవతల నుంచి పెద్దావిడ కప్పు నీళ్ల గొట్టం ఎటు తిప్పుతున్నారని అడిగింది. చూపించాను.